ఏటి నురగకు పిల్లల లెక్క

పెన్నేటికి మూడు భాషలు వచ్చు. కన్నడ నేల మీద పుడుతుంది... తెలుగు మాట్లాడే పల్లెల పక్కనుంచి పారుతుంది... తమిళ నేలను తడిపి సముద్రంలో కలుస్తుంది. దాని ఒడ్డున చదువుకునే హోసూరు పిల్లలకూ ఈ మూడు భాషలు కొత్త కాదు. ఏటికి పట్టిన రోగమేమిటో కొలిచి, ఎగువ వాళ్ళకూ దిగువ వాళ్ళకూ అర్థమయ్యేలా చెప్పడానికి వీళ్ళను మించినవాళ్ళు ఎవరున్నారు? కావాల్సిందల్లా ఒక సీసా, ఒక స్కేలు, ఒక నోటుపుస్తకం... వెంట నడిచే ఒక టీచరు!

హోసూరు: సైన్సు ఎగ్జిబిషన్ అనగానే చాలా బడుల్లో కనిపించే దృశ్యం ఒకటే. థర్మోకోల్‌తో అగ్నిపర్వతం, బ్యాటరీతో వెలిగే వీధి దీపాలు, రంగునీళ్ళు పోసిన ఇంకుడు గుంత. రెండు రోజులు బల్ల మీద ఉంటాయి. మూడో రోజు అటకెక్కుతాయి. బడి గోడ అవతలి ప్రశ్నలు మాత్రం అలాగే మిగిలిపోతాయి. డ్యాం గేట్ల దగ్గర అంత నురగ ఎందుకొస్తోంది? కొన్ని ఊళ్ళలో పిల్లల పళ్ళ మీద ఆ గోధుమరంగు చారలేంది? మామిడి కాలం అయిపోయాక గుట్టలుగా పడే టెంకలు ఏమవుతున్నాయి?

ఇవన్నీ సైన్సు ప్రశ్నలే. పాఠ్యపుస్తకంలో జవాబు లేనివి. ఊళ్ళోకి పోయి, కొలిచి, రాసుకుంటే తప్ప తేలనివి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో ఇలాంటి ప్రశ్నలకు కొదవ లేదు. అందులో అందరి కంటికీ కనిపించేది ఏటి నురగ.

కొండ ఒకటి... ఏర్లు రెండు

కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా నంది కొండల ప్రాంతంలో రెండు పినాకినులు పుడతాయి. ఉత్తర పినాకిని అనంతపురం, కడప, నెల్లూరు మీదుగా పోయి సముద్రంలో కలుస్తుంది. తెలుగువాళ్ళు పెన్న అనేది దీన్నే. దక్షిణ పినాకిని బెంగళూరు తూర్పు అంచున దిగి, బాగలూరు వైపు నుంచి హోసూరు ప్రాంతంలోకి వస్తుంది. తమిళంలో తెన్‌పెణ్ణై. ఇక్కడి తెలుగువాళ్ళకు ఇదే పెన్నేరు.

హోసూరు పక్కన ఈ ఏటి మీద కెలవరపల్లి డ్యాం ఉంది. దీని ఎత్తు 44.28 అడుగులు. కుడి, ఎడమ కాలువల కింద సుమారు 8 వేల ఎకరాలు సాగవుతాయి. అక్కడి నుంచి నీళ్ళు దిగువకు పోయి 52 అడుగుల కృష్ణగిరి డ్యాంకు చేరతాయి. ఆ డ్యాం కింద మరో 9 వేల ఎకరాలు. ఇంకా దిగువన తిరువణ్ణామలై జిల్లాలో సాత్తనూరు డ్యాం. చివరికి కడలూరు దగ్గర సముద్రం. అంటే హోసూరు దగ్గర ఏట్లో ఏం కలిసిందన్నది ఒక్క హోసూరు సంగతి కాదు.

బెంగళూరులో గట్టి వాన పడిన మర్నాడు కెలవరపల్లి గేట్ల దగ్గర తెల్లటి నురగ గుట్టలుగా పొంగడం ఈ ప్రాంతానికి అలవాటైపోయింది. గాలికి ఎగిరి పొలాల మీద పడుతుంది. దిగువన కాజ్‌వే మీద పేరుకుపోయి రాకపోకలు నిలిచిన రోజులూ ఉన్నాయి. దూరం నుంచి చూస్తే మంచు. దగ్గరికి పోతే ముక్కు మూసుకోవాల్సిందే. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది.

సబ్బు ఎక్కడిది?

నురగ పుట్టుక అర్థం కావాలంటే బెంగళూరు దాకా పోవాలి. నగరంలోని మురుగునీళ్ళలో పెద్ద వాటా బెళ్ళందూరు, వర్తూరు చెరువుల్లోకి చేరేది. ఆ చెరువుల నీళ్ళు దక్షిణ పినాకినిలోకి వస్తాయి. బెళ్ళందూరు చెరువు నురగతోనే కాదు, మంటలతోనూ వార్తల్లోకెక్కింది. 2015లో, 2017లో, 2018లో చెరువే అంటుకున్న సంఘటనలను దేశమంతా చూసింది. 2018 డిసెంబరులో హరిత ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్ల రూపాయల జరిమానా కూడా విధించింది.

బట్టల సబ్బు పొడిలో ఉండే రసాయన అణువుకు రెండు కొసలుంటాయి. ఒక కొస నీటిని పట్టుకుంటుంది. రెండోది నీటికి దూరంగా పోతుంది. అందుకే అది నీటి పైపొర మీదికి చేరి, గాలి తగలగానే బుడగ కడుతుంది. శుద్ధి కాని మురుగులో ఈ అణువులు లెక్కలేనన్ని. దానికి తోడు సబ్బు పొడిలోని ఫాస్ఫేటు, మురుగులోని నత్రజని గుర్రపుడెక్కకు ఎరువవుతాయి. ఎండాకాలంలో ఇదంతా చెరువు అడుగున బురదతో పాటు పేరుకుంటుంది. తొలి వానలకు వరద వచ్చి ఆ బురదను కలియబెడుతుంది. డ్యాం గేటు ఎత్తగానే నీళ్ళు ఎత్తు నుంచి దుమికి గాలితో కలుస్తాయి. మజ్జిగ చిలికినట్టే! నురగ పొంగుతుంది.

ఇక్కడే పిల్లలకు పని దొరుకుతుంది. నురగ ఉందని అందరికీ తెలుసు. ఏ నెలలో ఎంత? వానకు ముందా, తర్వాతా? ఏటిలో ఎంత, కాలువ చివర ఎంత, పక్క పొలంలోని బావిలో ఎంత? అధికారులు నీళ్ళు పట్టుకుపోయి పరీక్షించేది ఏటి మీద కొన్ని చోట్లే. ఊరూరా, వారం వారం చూసే కళ్ళు పిల్లలవే.

సీసాతో కొలత

ఈ లెక్కకు లక్షల యంత్రం అక్కర్లేదు. ఒకే రకం మూత సీసాలు అయిదు తీసుకోవాలి. ఏటి నీళ్ళు, డ్యాం నీళ్ళు, కాలువ నీళ్ళు, బావి నీళ్ళు... పోల్చుకోవడానికి మంచినీళ్ళు. ప్రతి దాంట్లో సగం వరకే నింపాలి. అన్నింటినీ సరిగ్గా 30 సార్లు ఊపాలి. నురగ ఎన్ని సెంటీమీటర్లు లేచిందో స్కేలు పెట్టి చూడాలి. ఎన్ని నిమిషాలకు అణిగిందో గడియారం చూసి రాసుకోవాలి. వారానికొకసారి, అదే రోజు, అదే గంటకు, మూడు నెలలు.

చూడ్డానికి ఆటలాగే ఉంటుంది. అసలు సైన్సు ఉండేది ఆ ‘ఒకే’ అన్న మాటలోనే. ఒకే సీసా, ఒకే కొలత, ఒకే సమయం. ఒకరు 30 సార్లు ఊపి మరొకరు 40 సార్లు ఊపితే లెక్క చెడినట్టే. ఇంకో మెలిక కూడా ఉంది. కుళ్ళిన ఆకులున్న నీళ్ళు కూడా కాస్త నురగ కడతాయి. కాబట్టి నురగ కనబడగానే ‘సబ్బే’ అని తీర్పు చెప్పకూడదు. అలా అనుమానించడం నేర్చుకుంటేనే ప్రాజెక్టు చేసినట్టు.

ఏటి పురుగులు కూడా సాక్ష్యం చెబుతాయి. నీళ్ళలో ప్రాణవాయువు బాగా ఉంటే మూడు తోకల మేఫ్లై పిల్లలు కనిపిస్తాయి. అది తగ్గేకొద్దీ అవి మాయమవుతాయి. చివరికి బురదలో ఎర్రటి సన్నని పురుగులే మిగులుతాయి. వాటి ఒంట్లోనూ మన రక్తంలో మాదిరి ప్రాణవాయువును పట్టుకునే ఎర్రటి పదార్థం ఉండబట్టి అవి మురుగులోనూ బతకగలవు. ఒక జల్లెడ, ఒక తెల్ల పళ్ళెం, ఒక భూతద్దం ఉంటే ఏ పురుగులు ఎన్ని ఉన్నాయో లెక్క తేలిపోతుంది.

చూసే కన్నుంటే చాలు

పిల్లల ప్రాజెక్టుతో ఏమవుతుందిలే అనుకునేవాళ్ళకు రెండు జవాబులున్నాయి. రెండూ దూరం ఊళ్ళవి కావు.

తెలంగాణలో గద్వాల జిల్లా చింతలకుంట. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూలు విద్యార్థిని శ్రీజ. హరితహారంలో మొక్కలు నాటేటప్పుడు చుట్టూ చూసింది. మొక్క గుంతలోకి పోతోంది... దాని నల్ల ప్లాస్టిక్ కవరు మాత్రం చింపి పక్కన పారేస్తున్నారు. పచ్చదనం కోసం చేసే పనిలో అంత ప్లాస్టిక్ చెత్తా? ఆ ప్రాంతంలో వేరుశనగ పంట ఎక్కువ. పొట్టుకు కరువు లేదు. ఆ పొట్టును పొడి చేసి, ముద్ద చేసి, కుండీలాగా ఒత్తి ఆరబెట్టింది. మొక్కను కుండీతో సహా నాటేయొచ్చు. కుండీ మట్టిలో కలిసిపోతుంది. లెక్కల మాస్టారు వెన్నుతట్టారు. 2021లో సీఎస్ఐఆర్ బడి పిల్లలకిచ్చే ఆవిష్కరణ పురస్కారాల్లో ఆమె పేరుంది. చేత్తో ఒత్తే కుండీని యంత్రంతో తయారుచేసేందుకు హైదరాబాదులోని టీ-వర్క్స్ ముందుకొచ్చింది. వేరుశనగ పండేది గద్వాలలోనే కాదు. కృష్ణగిరి జిల్లా మెట్ట చేలలోనూ పండుతుంది.

రెండో జవాబు మన పక్క జిల్లాలోనే ఉంది. పెన్నేరు దిగువన తిరువణ్ణామలై. వీధిలో ఇస్త్రీ బండి అతను రోజూ బొగ్గు కాల్చడం, కాలిన బొగ్గును పక్కన పారేయడం వినీషా ఉమాశంకర్ చూసింది. సౌరవిద్యుత్తుతో నడిచే ఇస్త్రీ బండిని రూపొందించింది. 2019లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వారి ఇగ్నైట్ పురస్కారం వచ్చింది. 2020లో స్వీడన్ నుంచి పిల్లల వాతావరణ బహుమతి అందింది. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రపంచ నాయకుల ముందు నిలబడి మాట్లాడింది. అప్పటికి ఆమె ఇంకా బడి పిల్లే!

ఇద్దరూ మొదలుపెట్టింది ప్రయోగశాలలో కాదు. ఒకరు బడి ఆవరణలో, మరొకరు ఇంటి వీధిలో. అందరూ రోజూ చూసేదాన్ని వీళ్ళు ఆగి చూశారు.

దారి వేసిన బాలల కాంగ్రెస్

ఊరి సమస్యనే ప్రాజెక్టుగా తీసుకునే పద్ధతికి దేశమంతటా దారి వేసింది జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్. కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ తరఫున ఇది 1993 నుంచి దేశవ్యాప్తంగా సాగింది. 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు జట్టుగా ఒక స్థానిక సమస్యను ఎంచుకోవాలి. ఒక గైడ్ టీచరు తోడుంటారు. రోజూ చేసిన పనిని లాగ్ పుస్తకంలో రాయాలి. జిల్లా పోటీలో గెలిస్తే రాష్ట్రానికి, అక్కడ గెలిస్తే జాతీయ స్థాయికి. తమిళనాడులో ఈ పనిని భుజానికెత్తుకున్నది అరివియల్ ఇయక్కం... అంటే సైన్స్ ఫోరం.

రెండేళ్ళకొక ప్రధానాంశం ఇచ్చేవారు. 2004, 2005లో నీటి వనరులు. 2006, 2007లో జీవవైవిధ్యం. 2010, 2011లో నేల. 2012, 2013లో శక్తి. 2014, 2015లో వాతావరణం. ఏ అంశం ఇచ్చినా దాన్ని సొంత ఊరికి అన్వయించుకోవాల్సిందే. బొమ్మ పెట్టి బహుమతి కొట్టే వీలు లేదు. ‘ఎందరిని అడిగినావు? ఎన్నిసార్లు కొలిచినావు?’ అన్నదే అక్కడి ప్రశ్న.

సరిహద్దు పిల్లలకు పనికొచ్చే సంగతి మరొకటి ఉంది. రాజ్యాంగం గుర్తించిన ఏ భారతీయ భాషలోనైనా అక్కడ తమ పని వినిపించొచ్చు. అందులో తెలుగూ ఉంది.

పళ్ళు చెప్పే కథ

నురగ కంటికి కనిపిస్తుంది. కనిపించని సమస్య బోరు నీళ్ళలో ఉంది. అది ఫ్లోరైడు. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో భూమి కింద ఉన్నది గట్టి నల్లరాతి జాతి. ఆ రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు మెల్లగా నీళ్ళలోకి దిగుతుంది. నీళ్ళు రాతి పగుళ్ళలో ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువ దిగుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది.

తాగునీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదన్నది భారత ప్రమాణం. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటిన నీళ్ళు చిన్నతనంలో తాగితే వచ్చే పళ్ళ మీద చారలు పడతాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. తెలుగువాళ్ళకు ఈ బాధ కొత్త కాదు. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు 1937లో తొలిసారి వివరించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. నల్లగొండ కష్టం అందరికీ తెలిసిందే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పేరే పెట్టారు.

ఇక్కడి ఈ రెండు జిల్లాల కోసం హొగెనకల్ నుంచి కావేరి నీళ్ళు తెచ్చారు. జపాన్ రుణ సాయంతో దాదాపు 1,928 కోట్ల రూపాయల పథకం. 2013లో మొదలైంది. పథకం పేరులోనే ‘ఫ్లోరోసిస్ నివారణ’ అని ఉంది. ఇక పిల్లలు తేల్చాల్సినవి చిన్న ప్రశ్నలే. మా వీధికి కావేరి నీళ్ళు వారానికి ఎన్ని రోజులు వస్తున్నాయి? రాని రోజు ఏ నీళ్ళు తాగుతున్నాం? వంటకు ఏవి, తాగడానికి ఏవి? అన్నం వండే నీళ్ళతోనూ ఫ్లోరైడు ఒంట్లోకి పోతుందని ఇంట్లో ఎందరికి తెలుసు? రంగు మారే మందుతో నీళ్ళను పరీక్షించే కిట్లు దొరుకుతాయి. వీధివారీగా ఒక పటం గీస్తే, ఏ బోరు తాగడానికి పనికొస్తుంది, ఏది బట్టలకే అన్నది ఊరికంతా తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఎవరి పళ్ళ మీద చారలున్నాయో లెక్క రాసేటప్పుడు పేర్లు రాయకూడదు. పక్క బెంచీ పిల్లను నవ్వులపాలు చేసే లెక్క మనకొద్దు.

టెంకలూ... చెత్తా...

నీళ్ళు కాక వేరే పనులూ ఉన్నాయి. కృష్ణగిరి అంటే మామిడి. ఇక్కడి తోతాపురి గుజ్జు డబ్బాల్లోకెక్కి దేశాలు తిరుగుతుంది. తొక్కలూ టెంకలూ ఇక్కడే మిగులుతాయి. టెంక లోపలి జీడిలో కొవ్వు ఉంటుంది. సబ్బులకూ, చర్మానికి రాసుకునే క్రీములకూ అది వాడతారు. తొక్కలు ఎన్నాళ్ళకు ఎరువవుతాయి? పేడ కలిపితే ఎన్నాళ్ళు, కలపకపోతే ఎన్నాళ్ళు? రెండు గుంతలు, ఒక ధర్మామీటరు ఉంటే ఈ లెక్క బడి తోటలోనే తేలుతుంది. హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటల్లో మందు కొట్టాక ఖాళీ డబ్బాలు ఎక్కడికి పోతున్నాయి? తళి, డెంకణికోట వైపు ఏనుగులు ఏ నెలలో, ఏ పంట మీద పడుతున్నాయి? రైతును అడిగి రాసుకుంటే ఇదీ ప్రాజెక్టే. కాకపోతే పురుగుమందు డబ్బాను పిల్లలు ముట్టకూడదు. ఏనుగు దారిలోకి అసలే పోకూడదు. అడగడం వరకే.

బహుమతి తర్వాత?

అసలు చిక్కు ఇక్కడుంది. పోటీ అయిపోతుంది. షీల్డు హెడ్మాస్టరు గదిలో చేరుతుంది. చార్టులు చెదలకు పోతాయి. మూడు నెలలు ఎండలో తిరిగి రాసిన అంకెలు ఎవరికీ అందవు. మరుసటి ఏడు ఇంకో జట్టు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఒక్క ఏడాది లెక్కతో ఏటి సంగతి తేలదు. ఏటేటా అదే రేవులో, అదే పద్ధతిలో కొలిస్తే పదేళ్ళకు అది ఊరి ఆస్తి అవుతుంది. అందుకే పదో తరగతి జట్టు బడి విడిచేటప్పుడు తొమ్మిదో తరగతి చేతికి పుస్తకం ఇచ్చిపోవాలి.

ఆ అంకెలు వినిపించే చోటు కూడా ఉంది. తమిళనాడులో గ్రామసభ ఏడాదికి నాలుగుసార్లు జరిగేది. 2022 నుంచి మరో రెండు కలిపి ఆరు చేశారు. జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. ఇందులో మార్చి 22 ప్రపంచ నీటి దినం. పిల్లల నీటి లెక్కను ఊరి ముందు చదవడానికి అంతకన్నా మంచిరోజు ఏముంటుంది?

భాష సంగతి మళ్ళీ ఇక్కడికే వస్తుంది. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ వచ్చిన చట్టం ఒకటో తరగతితో మొదలై మెట్టు మెట్టుగా పైకి వచ్చి, 2015-16లో పదో తరగతికి చేరింది. ఈ ప్రాంతపు తెలుగు పిల్లలకు ఆ ఏళ్ళలో ఎంత గుంజాటనో తల్లిదండ్రులకు తెలుసు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. బరువే. కానీ ఏటి దగ్గర ఆ బరువే బలమవుతుంది. అవ్వను అడిగి పాతకాలపు ఏటి సంగతి తెలుగులో రాసుకోవచ్చు. అంకెల పట్టికను గ్రామసభలో తమిళంలో చదవొచ్చు. అదే పట్టికను కన్నడంలో రాసి ఎగువన బెళ్ళందూరు, వర్తూరు బడుల పిల్లలకు పంపొచ్చు. ‘మీరు పంపిన నీళ్ళు మాకు ఇలా చేరుతున్నాయి’ అని ఒక పిల్ల ఇంకో పిల్లకు రాసే ఉత్తరంలో తగాదా ఉండదు. లెక్క ఉంటుంది.

ఇలా మొదలుపెట్టండి...
* ఊళ్ళో రోజూ కనిపించే ఒక్క సమస్యనే తీసుకోండి. ‘కాలుష్యం’ అంటే పెద్ద మాట. ‘మా రేవులో నురగ’ అంటే ప్రాజెక్టు.
* కొలిచే ముందు ఏమొస్తుందనుకుంటున్నారో రాసిపెట్టండి. తప్పయితే సిగ్గుపడొద్దు, కొట్టేయొద్దు.
* తేదీ, సమయం, వాన పడిందా లేదా... ప్రతిసారీ రాయండి.
* పోల్చుకోవడానికి మంచినీళ్ళ సీసా ఒకటి తప్పకుండా ఉండాలి.
* ఏటి దగ్గరికి పెద్దవాళ్ళు లేకుండా పోవద్దు. గేట్లు ఎత్తినప్పుడు అసలే వద్దు. చేతికి తొడుగులు లేకుండా నురగ ముట్టొద్దు.
* నచ్చని అంకెను మార్చొద్దు. అదే నిజం కావొచ్చు.

తాతల కాలంలో ఈ ఏటిలో చెలమ తీసి దోసిలితో తాగినారని పెద్దవాళ్ళు చెబుతారు. ఈ కాలం పిల్లలకు ఏరంటే తెల్లటి నురగ. ఇక ముందు పుట్టేవాళ్ళకు ఏరెలా ఉంటుందన్నది ఎవరి చేతిలో ఉన్నా, ఇప్పుడెలా ఉందో రాసిపెట్టడం మాత్రం ఈ పిల్లల చేతిలో ఉంది. వచ్చే వానకు గేట్లు ఎత్తుతారు. ఆలోపు సీసాలు కడిగి పెట్టుకుంటే మంచిది.